మేము ఓటేసిన బాహరీ దిల్లీ

మొన్న మల్కాజిగిరి తపాలా కార్యాలయంలో మా మనవరాలికి ఇన్సూర్డ్ పార్శిల్ కట్టిస్తుంటే, కొవ్వొత్తి మంట మీద కరుగుతున్న లక్క వాసన ముక్కుకు తగిలింది. ఆ ఘాటుతోపాటు లాంతరు మసి, జనవరి పొగమంచు, బడిలో పరిచిన గోనెపట్టాల దుమ్ము, ఉక్కు బ్యాలెట్ పెట్టె మూత పడే చప్పుడు అన్నీ కలిసి మనసులోకి వచ్చాయి. నా ఉద్యోగ జీవితం దాదాపుగా గడిచిన పాలం, నజఫ్‌గఢ్ ప్రాంతాలు ఒకప్పుడు ఔటర్ ఢిల్లీ అనే లోక్‌సభ నియోజకవర్గంలో ఉండేవి. అక్కడి జనం దాన్ని బాహరీ దిల్లీ అనేవారు. 1952లో తొలి ఎన్నికలతో మొదలై, 2008లో నియోజకవర్గాల పునర్విభజనతో అది లేకుండా పోయింది. అక్కడ ఓటు వేసిన మనిషిగా, అక్కడి పోలింగ్ బూత్‌లలో పేర్లు చదివిన ఉపాధ్యాయినిగా, నాకు గుర్తున్నది రాసిపెట్టాలని ఎంతో కాలంగా అనుకుంటున్నాను.

* * *

పెళ్లయ్యాక తెనాలి నుంచి నేను ఢిల్లీకి వెళ్లేనాటికి మావారు వైమానిక దళంలో పనిచేస్తున్నారు. పాలం ఊళ్లో ఒక చౌదరి గారి ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాము. ఢిల్లీ అంటే నేను ఊహించుకున్నది ఎర్రకోట, ఇండియా గేటు, వెడల్పాటి రాజమార్గాలు. తీరా చూస్తే మా గుమ్మం ముందు బర్రెలు కట్టేసి ఉండేవి, వాటి వెనక బిటోడాలని పిలిచే పిడకల గూళ్లు మనిషెత్తున ఉండేవి. తెల్లవారకముందే రేవాడీ వైపు నుంచి వచ్చే మీటర్‌గేజి రైలు కూత వినిపించేది. దాని కిటికీ ఊచలకు పాలవాళ్లు వేలాడదీసిన క్యాన్లు ఒకదానికొకటి తగిలి మోగుతూ వెళ్లేవి. ఆ చప్పుడు పూర్తిగా ఆగకముందే నెత్తి మీదుగా విమానం దిగేది. చౌదరి గారి తల్లి మాత్రం ఏ విమానానికీ తలెత్తి చూడకుండా తన హుక్కాలో నిప్పు సర్దుకుంటూ కూర్చునేది.

పాలం మామూలు ఊరు కాదు. ఢిల్లీ చుట్టుపక్కల గ్రామాలన్నింటినీ కలిపి ‘పాలం తీన్ సౌ సాఠ్’ అనేవారు. మూడువందల అరవై ఊళ్ల పంచాయతీకి పాలం పెద్దదిక్కు. ఊరి నివాస స్థలం చుట్టూ రెవెన్యూ వాళ్లు గీసిన హద్దును లాల్ డోరా అంటారు. దాని లోపల ఇల్లు కట్టుకోవడానికి నగరపు నిబంధనలు వర్తించేవి కావు. ఆ హద్దు దాటితే ఆవాలు, గోధుమలు, కాలీఫ్లవర్ పొలాలు. మాఘమాసంలో నజఫ్‌గఢ్ దారి పొడవునా విరబూసిన ఆవచేల పసుపు రంగు చూసినవాళ్లెవరూ ఇది దేశ రాజధాని అంటే నమ్మేవారు కాదు.

నియోజకవర్గం పటాన్ని మొదటిసారి ఎన్నికల శిక్షణ తరగతిలో గోడకు వేలాడుతుండగా చూశాను. ఉత్తరాన నరేలా, బవానా, పడమర నాంగ్లోయి, ముండ్కా, నజఫ్‌గఢ్, అక్కడి నుంచి కిందికి పాలం, ఆపైన మెహ్రౌలీ, తుగ్లకాబాద్, బదర్‌పూర్ — యమున ఒడ్డున మొదలై నగరాన్ని మూడువైపులా చుట్టి మళ్లీ యమున ఒడ్డుకే చేరే ప్రాంతమంతా ఒకే సీటు. నరేలా మనిషి బదర్‌పూర్ చేరాలంటే బస్సులు మారుతూ పూటంతా గడిచిపోయేది. ఒకచోట జాట్‌లు, మరోచోట గుజ్జర్లు, ఇంకోచోట యాదవులు, మధ్యమధ్య దేశవిభజనలో వచ్చిన పంజాబీ కుటుంబాలు, రాళ్ల క్వారీల్లో పనిచేసే రాజస్థానీ కూలీలు. వీళ్లందరికీ కలిపి పార్లమెంటులో ఒక్క గొంతు.

* * *

మా బడిలో పదవీ విరమణకు దగ్గరపడిన హిందీ మాస్టారు ఒకాయన ఉండేవారు. మధ్యాహ్నం రొట్టెల డబ్బా తెరిచాక ఆయన చెప్పే పాత ఎన్నికల కథలు వినడం నాకు అలవాటయింది. నేను దక్షిణాది దాన్ని కనుక మొట్టమొదట ఆయన చెప్పిన పేరు సి.కృష్ణన్ నాయర్. మలయాళీ గాంధేయవాది అయిన నాయర్ గారు నరేలాలో ఆశ్రమం పెట్టుకుని గ్రామసేవ చేస్తూ అక్కడే స్థిరపడిపోయారట. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో బాహరీ దిల్లీ ద్విసభ్య నియోజకవర్గం. దాని నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచిన ఇద్దరిలో ఒకరు నాయర్ గారైతే, ఇంకొకరు షెడ్యూల్డు కులాల సీటులో నవల్ ప్రభాకర్. జాట్‌ల ఊళ్లలో ఒక మలయాళీ నిలబడి గెలిచాడంటే, మనిషి ఎక్కడివాడన్నది కాక ఏంచేశాడన్నదే ఆ రోజుల్లో చూశారన్నమాట. ఈ మాట మాస్టారు చాలా గర్వంగా చెప్పేవారు. మదరాసీ అన్న పిలుపు బజారులో రోజూ వింటుండే నాకు, ఆ కథ ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

ఆయన ఆరాధించిన మరో మనిషి చౌధరీ బ్రహ్మ్ ప్రకాశ్. శకూర్‌పూర్ ఊరివారు. 1952లో 34 ఏళ్లు నిండకముందే ఢిల్లీ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. సహకార సంఘాలంటే ఆయనకు ప్రాణం. 1967లో ఢిల్లీలోని ఏడు లోక్‌సభ సీట్లలో ఆరింటిని జనసంఘ్ గెలుచుకుంటే, కాంగ్రెస్‌కు మిగిలిన ఒకే ఒక్క సీటు బాహరీ దిల్లీ. అది నిలబెట్టింది బ్రహ్మ్ ప్రకాశ్ గారే. 1977లో ఆయనే జనతా పార్టీ తరఫున అక్కడి నుంచే గెలిచారు. నగరం ఒకవైపు మొగ్గితే బయటి పల్లెలు ఇంకోవైపు మొగ్గగలవని, వాటికి సొంత లెక్క ఉందని 1967 ఎన్నిక చెప్పిందని మాస్టారి అభిప్రాయం. నేను కూడా అదే నమ్ముతాను.

* * *

నా మొదటి ఎన్నికల విధి 1980 జనవరిలో పడింది. నజఫ్‌గఢ్ దాటాక లోపలికి ఉన్న ఒక ఊరు. ముందురోజు మధ్యాహ్నం సామగ్రి పంపిణీ కేంద్రంలో చేతికిచ్చిన జాబితా ప్రకారం అన్నీ లెక్కపెట్టి తీసుకోవాలి. బ్యాలెట్ పత్రాల కట్టలు, బాణాల గుర్తున్న రబ్బరు ముద్ర, చెరగని సిరా సీసా, ఇత్తడి సీలు, లక్క కడ్డీలు, కొవ్వొత్తులు, దారపు ఉండ, ఓటు గదికి అట్ట తెరలు. అవన్నీ గోనె సంచుల్లో కుక్కి డీటీసీ బస్సెక్కించారు. మగవాళ్లు బడిలోనే గోనెపట్టాల మీద పడుకున్నారు. నన్నూ ఇంకొక పంతులమ్మనూ బడిలో నీళ్లు పట్టే ఆవిడ తన ఇంటికి తీసుకెళ్లింది. సజ్జ రొట్టె మీద వెన్న ముద్ద పెట్టి, పక్కన ఆవకూర వడ్డించి, మేము తింటున్నంతసేపూ విసనకర్రతో పొయ్యి పొగను పక్కకు తోలుతూ కూర్చుంది.

రాష్ట్రభాష ప్రవీణ దాకా చదివిన నా హిందీకి ఆ ఊరి మాట అందలేదు. నేను మర్యాదగా ‘ఆప్’ అంటే వాళ్లు చనువుగా ‘తూ’ అనేవారు, అందులోనే ఆప్యాయత ఉండేది. ఉదయం పొగమంచు విడవకముందే మగవాళ్ల వరుస నిండింది. ఆడవాళ్లు మాత్రం పాలు పితికి, పేడ ఎత్తి, పదిగంటలు దాటాక గుంపుగా, పాట పాడుకుంటూ వచ్చారు. అందరి ముఖాల మీదా మేలిముసుగులు. నా పని మొదటి పోలింగ్ అధికారిది. ఓటరు పేరు గట్టిగా చదవాలి, పార్టీల ఏజెంట్లు గుర్తుపట్టాలి, అభ్యంతరం లేకపోతే జాబితాలో పేరు కింద గీత గీయాలి, ఆడవాళ్లయితే ఎడమపక్క టిక్కు కూడా పెట్టాలి. ఫలానా అతని భార్య, ఫలానా అతని తల్లి అని చదువుతుంటే, ముసుగులోంచి ‘హాం’ అన్న చిన్న మాట వచ్చేది. తమ పేరును ఒక పరాయి మనిషి నోట పైకి వినడం వాళ్లలో కొందరికి అదే మొదటిసారేమో. విని, పక్కవాళ్ల వైపు తిరిగి నవ్వుకునేవారు.

వరుసలో ఒక వయసు మళ్లిన తాయీ బ్యాలెట్ పత్రాన్ని తీసుకుని తెర వెనక్కి వెళ్లి ఎంతకీ రాలేదు. ప్రిసైడింగ్ అధికారి బయటినుంచే అడిగితే, “జోడెడ్లు ఏవీ, కనిపించడం లేదే” అంది. జోడెడ్లు కాంగ్రెస్ పాత గుర్తు. 1969లో పార్టీ చీలినప్పటి నుంచి అది లేదు. మధ్యలో ఆవూ దూడా వచ్చాయి, ఆ ఎన్నికకు చెయ్యి గుర్తు వచ్చింది. ఏ గుర్తు ఎవరిదో చెప్పే అధికారం మాకెవరికీ లేదు. “నీకు నచ్చినదాని మీద వెయ్యి అమ్మా” అని మాత్రం చెప్పగలిగాము. ఆవిడ చివరికి దేనిమీద వేసిందో ఆవిడకే తెలుసు. కాగితం నిలువుగా, తర్వాత అడ్డంగా మేము చూపించినట్టే మడిచి, పెట్టె సందులో వేసి, ఆ పెట్టెను దేవుడి పెట్టెలా చేత్తో తాకి కళ్లకద్దుకుని వెళ్లింది.

ఓటింగ్ ముగిశాక సీళ్లు వేసే పని. పెట్టె మూతలో దూర్చిన కాగితపు ముద్ర మీద పొద్దునే సంతకాలు చేసిన ఏజెంట్లు, అది చిరగలేదని మళ్లీ వంగి చూసేవారు. సందు మూసి, దారంతో బిగించి, ముడి మీద కరిగిన లక్క చుక్కలు పోసి, చల్లారకముందే ఇత్తడి సీలు అదమాలి. వేళ్లు కాలేవి. గుర్తు వేసిన జాబితాకు ఒక కవరు, మిగిలిన పత్రాలకు ఒకటి, కౌంటర్‌ఫాయిళ్లకు ఒకటి, ప్రతి కవరుకూ లక్క. పెట్టెలు అప్పగించి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. గుమ్మంలో ఎదురుచూస్తున్న మావారు, “ఎవరు గెలుస్తారంటావు?” అని అడిగారు. నేను పేర్లు చదివానే తప్ప ముఖాలు చూడలేదు, ముసుగుల్లో ఏముందో నాకేం తెలుసు? ఆ ఎన్నికలో బ్రహ్మ్ ప్రకాశ్ గారు ఓడిపోయారు. కాంగ్రెస్ అభ్యర్థి సజ్జన్ కుమార్ గెలిచారు. ఫలితం వచ్చిన మర్నాడు మాస్టారు డబ్బా తెరిచారు గానీ కథేమీ చెప్పలేదు.

* * *

ప్రచారపు రోజుల చప్పుళ్లు వేరు. ట్రాక్టర్ ట్రాలీకి మైకు కట్టి హరియాణా రాగిణులు పాడుకుంటూ ఊరూరా తిరిగేవారు. అభ్యర్థి వస్తే చౌపాల్ అనే ఊరి రచ్చబండ మీద మంచం వేసి, తలపాగా చుట్టి, లడ్డూలతో తూచేవారు. ఊరి పెద్దలు హుక్కా చుట్టూ కూర్చుని మాట ఇచ్చారంటే ఆ ఊరి ఓట్లు ఆ వైపేనని అనుకునేవారు. ఆడవాళ్లు కూడా ఆ మాటకే కట్టుబడి వేసేవారా అన్న ప్రశ్నకు, మా చౌదరి గారి కోడలు రొట్టె ఒత్తుతూ, “తెర వెనక మా మామగారు ఉంటారా ఏమిటి, బెహన్‌జీ?” అని నన్నే తిరిగి అడిగింది.

* * *

1984 గురించి రాయకుండా బాహరీ దిల్లీ గురించి రాయడం న్యాయం కాదు. ఇందిరాగాంధీ హత్య తర్వాత సిక్కుల మీద జరిగిన మారణకాండలో మంగోల్‌పురీ, సుల్తాన్‌పురీ, నాంగ్లోయి, మా పాలం కాలనీ తీవ్రంగా నష్టపోయాయి. ఇవన్నీ ఈ నియోజకవర్గంలోని బస్తీలే. మేము తలుపులు బిగించుకున్న ఆ మూడు రోజులూ పాలం ఆకాశంలో పొగ ఆగలేదు. కాలిన టైర్ల వాసన గోడలకు పట్టుకుని వారాల తరబడి పోలేదు.

రెండు నెలలు తిరగకుండానే డిసెంబరులో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. జాబితాలు మాత్రం అంతకు ముందువే. నాకు మళ్లీ పేర్లు చదివే పనే ఇచ్చారు. అంతకుముందు నా దృష్టిలో ఆ జాబితా అంటే వరుస సంఖ్య, ఇంటి నంబరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు. ఆ రోజు ఒకే ఇంటి నంబరు కింద తండ్రి, ముగ్గురు కొడుకులు, వాళ్ల భార్యలు వరుసగా ఉన్న చోట, సాయంత్రం దాకా ఒక్క గీత కూడా పడలేదు. ఓ నడివయసు ఆవిడ ఒంటరిగా వచ్చి నిలబడింది. నేను ఆవిడ పేరు, ఆ తర్వాత నియమం ప్రకారం భర్త పేరు చదివాను. ఆవిడ తలాడించి సిరా కోసం చెయ్యి చాపింది. ఆ గదిలో కూర్చున్న ఏ పార్టీ ఏజెంటూ తలెత్తలేదు.

ఆ ఎన్నికలో సిట్టింగు ఎంపీ అయిన సజ్జన్ కుమార్‌కు కాంగ్రెస్ టికెట్ ఇవ్వలేదు. చౌధరీ భరత్ సింగ్ నిలబడి గెలిచారు. 1991లోనూ, 2004లోనూ సజ్జన్ కుమార్ మళ్లీ అదే సీటు నుంచి లోక్‌సభకు వెళ్లారు. పాలం కాలనీలోని రాజ్‌నగర్‌లో ఐదుగురిని చంపిన కేసులో ఢిల్లీ హైకోర్టు ఆయనకు యావజ్జీవ శిక్ష వేసింది 2018 డిసెంబరులో. ముప్పయి నాలుగేళ్లు పట్టింది. ఆ ఆలస్యాన్ని నేను ఈనాటికీ జీర్ణించుకోలేను.

* * *

ఆ తర్వాతి సంవత్సరాల్లో నేను చూసిందల్లా జాబితాలు లావెక్కడమే. అత్యవసర పరిస్థితి రోజుల్లో నగరం నడిబొడ్డు నుంచి లారీల్లో తెచ్చి దించిన పేదలకు మంగోల్‌పురీ, సుల్తాన్‌పురీ, జహంగీర్‌పురీలలో ఇచ్చినవి పాతికేసి గజాల స్థలాలు. అక్కడ పిల్లలు పుట్టి పెరిగి ఓటర్లయ్యారు. 1989లో ఓటు హక్కు వయసు 18కి దిగింది. రోహిణి, ద్వారక అనే కొత్త ఉపనగరాల కోసం పొలాలు సేకరించారు. మిగిలిన పొలాలను రైతులే ముక్కలు చేసి అమ్మేస్తే, బీహారు నుంచి, తూర్పు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు కొనుక్కుని ఇటుక మీద ఇటుక పేర్చుకున్నారు. వాటిని కచ్చీ కాలనీలనేవారు. మా పాలం చుట్టూ ఇళ్ల నంబర్లన్నీ ఆర్‌జెడ్ అని మొదలయ్యేవి. ఏ ఆర్‌జెడ్ ఎక్కడుందో పోస్ట్‌మన్‌కు తప్ప ఎవరికీ అంతుపట్టేది కాదు. ప్రతి ఎన్నికకూ అభ్యర్థులందరూ చెప్పేది ఒకే మాట, “కాలనీ పాస్ చేయిస్తాం.” పాస్ అంటే క్రమబద్ధీకరణ. పాసైతే కుళాయి వస్తుంది, మురుగు కాలువ వస్తుంది, కరెంటు మీటరు వస్తుంది. అప్పటిదాకా నీళ్ల ట్యాంకరు వచ్చిందంటే వీధిలో ఆడవాళ్లంతా బిందెలు పట్టుకుని పరుగు. నా దగ్గర చదువుకునే పిల్లలు ట్యాంకరు వేళకు బడి మానేసేవారు. లెక్కల పాఠం వాళ్లకు మళ్లీ చెప్పేదాన్ని.

1990లో ఢిల్లీ గ్రామ పంచాయతీలు రద్దయ్యాయి. 1993లో అసెంబ్లీ వచ్చింది గానీ, అంతవరకూ ఊళ్లో సర్పంచి లేడు, శాసనసభ్యుడు లేడు. ఎంపీ గడప తొక్కాలంటే ఆయన ఇల్లు ఏ చివర ఉందో వెతుక్కోవాలి. 1989లో జనతాదళ్ నుంచి తారీఫ్ సింగ్, 1996, 1998లలో బీజేపీ నుంచి కిషన్‌లాల్ శర్మ గెలిచారు. 1999లో వచ్చిన సాహిబ్ సింగ్ వర్మ ముండ్కా ఊరి మనిషి, అంతకుముందు ఢిల్లీ ముఖ్యమంత్రిగా చేసినవారు. ఊరివాడు కేంద్రమంత్రి అయ్యాడని పల్లెల్లో సంబరపడ్డారు. 2007లో రోడ్డు ప్రమాదంలో ఆయన పోయారన్న వార్త వచ్చిన రోజు నజఫ్‌గఢ్ దారిలో దుకాణాలు మూసుకోవడం చూశాను.

2004 ఎన్నికల నాటికి బాహరీ దిల్లీలో ఓటర్లు 33 లక్షలు దాటారు. దేశంలో అంతకంటే పెద్ద నియోజకవర్గం లేదు. అదే నగరంలో, అదే రోజు ఓటేసిన చాందినీ చౌక్‌లో ఓటర్లు నాలుగు లక్షలైనా లేరు. వాళ్లకూ ఒక ఎంపీయే, మాకూ ఒక ఎంపీయే. ఆ ఎన్నికలో గెలిచిన అభ్యర్థికి ఎనిమిదిన్నర లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. చాందినీ చౌక్ మొత్తం జాబితాకు అది రెండింతలకు మించిన లెక్క. దీనికి కారణం దాపరికమేమీ కాదు. 1971 జనగణన ఆధారంగా గీసిన హద్దులను 1976లో 42వ రాజ్యాంగ సవరణ అలాగే బిగించేసింది. జనాభా అదుపులో పెట్టిన రాష్ట్రాలు సీట్లు పోగొట్టుకోకూడదన్నది దాని ఉద్దేశం. దక్షిణాది మనిషిగా ఆ ఉద్దేశం నాకు సబబే. అయితే రాష్ట్రాల మధ్య సీట్ల సంఖ్య మార్చకుండానే, ఒక్క నగరంలోని హద్దులను సర్దడానికి పాతికేళ్లకు పైగా ఆగడంవల్ల, ట్యాంకరు వెంట పరుగెత్తే ఆడవాళ్ల ఓటు విలువ నగరం నడిబొడ్డున ఉన్నవాళ్ల ఓటులో తొమ్మిదోవంతు దగ్గరకు పడిపోయింది. ఇది నాకు ఎప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

* * *

జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన పునర్విభజన కమిషన్ 2001 జనగణన ప్రకారం కొత్త హద్దులు గీసింది. 2008 ఫిబ్రవరిలో అవి అమల్లోకి వచ్చాయి. నరేలా, బవానా, నాంగ్లోయి, మంగోల్‌పురీ, సుల్తాన్‌పురీలు షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయిన వాయవ్య ఢిల్లీలో చేరాయి. నజఫ్‌గఢ్ పశ్చిమ ఢిల్లీకి పోయింది. పాలం, మెహ్రౌలీ, తుగ్లకాబాద్, బదర్‌పూర్ దక్షిణ ఢిల్లీకి వెళ్లాయి. మా బడి ఒక నియోజకవర్గంలో, మా ఇల్లు ఇంకొక దానిలో పడ్డాయి. ఓటర్ల లెక్కలో ఇది మేలే, దాన్ని నేను కాదనను. కానీ నగరాన్ని చుట్టుకుని కూర్చున్న మూడువందల అరవై ఊళ్లు కలిసి ఒక మనిషిని పార్లమెంటుకు పంపే వ్యవహారం అంతటితో ముగిసింది. ఇప్పుడు ప్రతి ముక్కలోనూ ఊళ్ల కంటే కాలనీలదే పైచేయి.

అదే పునర్విభజన మా పుట్టింటి తెనాలి లోక్‌సభ స్థానాన్ని కూడా రద్దు చేసింది. సిద్దిపేట, హనుమకొండ, మిర్యాలగూడ, భద్రాచలం, బొబ్బిలి, పార్వతీపురం కూడా దానితోపాటే పోయాయి. హైదరాబాద్ శివార్లను కలిపి మల్కాజిగిరి అనే కొత్త సీటు పుట్టింది. పదవీ విరమణ తర్వాత మేము మా అబ్బాయి దగ్గరికి వచ్చి ఉంటున్నది ఇక్కడే. దేశంలో అతిపెద్ద నియోజకవర్గమన్న పేరు బాహరీ దిల్లీ నుంచి మల్కాజిగిరికి వచ్చింది. 2024 ఎన్నికలకు ఇక్కడి ఓటర్లు 37 లక్షలు దాటారు. రద్దయ్యేనాటి బాహరీ దిల్లీ కంటే ఇది పెద్దది. పల్లెలు కాలనీలవడం, చెరువు పక్కన అపార్టుమెంట్లు లేవడం, వేసవిలో ట్యాంకర్లు రావడం, అన్నీ నేను ఒకసారి చూసినవే. హద్దులు మళ్లీ కదిలేది 2026 తర్వాత జరిగే తొలి జనగణన లెక్కలు వచ్చాకే.

మా కోడలు కూడా ఉపాధ్యాయినే. మొన్నటి ఎన్నికల్లో ఆమెకు మేడ్చల్ వైపు విధి పడింది. బయలుదేరే ముందు, “అత్తయ్యా, సమయం అయిపోయాక కూడా జనం వరుసలో ఉంటే చీటీలు ఎలా ఇవ్వాలి?” అని అడిగింది. వరుసలో అందరికంటే చివర నిలబడ్డ మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకు రావాలని చెప్పాను.